పద్యం మైకు ముందుకు వచ్చినప్పుడు



మా కొల్లేటి పక్క ఊళ్లలో శ్రీకృష్ణ రాయబారం ఆడే రాత్రి కృష్ణుడు ఒక్కడే ఉండడు. ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఒక్కోసారి నలుగురు కూడా. ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని కరపత్రంలోనే అచ్చు వేస్తారు. పడక సీనులో నిద్ర లేచే కృష్ణుడు ఒకాయన అయితే, కౌరవ సభలో నిలబడే కృష్ణుడు ఇంకొకాయన. కథ అందరికీ తెలిసిందే. దుర్యోధనుడు సంధికి ఒప్పుకోడన్న సంగతి ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. అయినా తెల్లవారుజాము దాకా జనం కదలరు. వాళ్లు గొంతు కోసం వచ్చారు. ఈయన మోహన బాగుందా, ఆయన కల్యాణి బాగుందా అని తేల్చుకోవడానికి వచ్చారు. పద్యం చివరి పాదం ముగిశాక నటుడు రాగం అందుకుంటాడు. హార్మోనియం ఆయన్ను తరుముతుంది, కాసేపటికి ఆయనే హార్మోనియాన్ని తరుముతాడు. ‘వన్స్ మోర్’ అని వెనక నుంచి కేక పడుతుంది. పద్యం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఆ పద్యాలు రాసిన జంటకవుల్లో ఒకరు మనకు దగ్గరవారే. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. రెండో వారు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిది గోదావరి అవతల కడియం. వాళ్లు రాసిన పాండవోద్యోగ విజయాలు చదువుకున్నవాళ్లకంటే విని నేర్చుకున్నవాళ్లే మా వైపు ఎక్కువ. అక్షరం రాని రైతు గట్టు మీద నడుస్తూ శార్దూలం తప్పు లేకుండా పాడడం ఈ నేల మీద వింత కాదు.

ఇటలీ వాళ్లకు ఆపెరా ఎలాంటిదో మనకు ఈ పద్యనాటకం అలాంటిదని నా నమ్మకం. 1600 ప్రాంతంలో ఫ్లోరెన్సు నగరంలో కొందరు పండితులు కూర్చుని, పూర్వం గ్రీకులు నాటకాన్ని పాడేవారని తలపోసి, తామూ పాత్రల మాటలకు స్వరం కట్టారు. పూర్తిగా పాట కాకుండా, పూర్తిగా మాట కాకుండా మధ్యస్తంగా నడిచే గానం ఒకటి అక్కడ పుట్టింది. తాళానికి అది కట్టుబడదు, అర్థం వెంట నడుస్తుంది. మన పద్యం చేసేదీ అదే పని. అక్కడా మైకు లేదు, ఇక్కడా లేదు. అక్కడ వాద్యబృందం మీదుగా చివరి వరసకు గొంతు చేరాలి. ఇక్కడ పెట్రోమాక్సు వెలుగులో, పొలాల మీద నుంచి వచ్చే గాలికి ఎదురుగా, పాక చివర బండి మీద పడుకున్న మనిషికి కూడా వినపడాలి. అందుకే రెండు చోట్లా గొంతు పై స్థాయిలోనే పెరిగింది. రెండు చోట్లా జనం గాయకుడి కోసం కొట్టుకున్నారు.

ఈ పెద్ద గానాన్ని స్టేజీ మీద నుంచి దించి మూడు నిమిషాల రికార్డులోకి, సినిమా పాటలోకి, రేడియోలోకి తీసుకొచ్చిన ఒక గాయకుడి గురించి ఈ రోజు మాట్లాడతాను. ఆయన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. ఆయన గురించి వినని తెలుగువారు ఉండరు. అయినా పద్యానికి ఆయన చేసిందేమిటో విడిగా, నిదానంగా చెప్పుకోవడం తక్కువ.

ఏలూరు నుంచి చూస్తే కొల్లేరు దాటి కైకలూరు, మండవల్లి మీదుగా గుడివాడ వస్తుంది.  ఆ గుడివాడకు దగ్గర చౌటపల్లి గ్రామం. ఘంటసాల 1922 డిసెంబరు 4న అక్కడ పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. కొడుకును భుజం మీద ఎక్కించుకుని భజనలకు తీసుకువెళ్లేవారట. తండ్రి పాడుతుంటే పిల్లవాడు ఆడేవాడు. ఆ తరంగాలు నారాయణతీర్థుల శ్రీకృష్ణలీలా తరంగిణిలోవి. అది పాటలతో నడిచే కృష్ణుడి కథ. మన కూచిపూడి వారు పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం అందులోదే. అంటే ఆ పిల్లవాడు నడక నేర్చుకునే వయసులోనే ఒక సంగీత నాటకంలో పెరిగాడు. కథకూ సంగీతానికీ మధ్య గోడ ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఘంటసాల చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోమన్నది ఆయన చివరి కోరిక. ఆ తరవాత కొన్నేళ్లు ఇళ్లలో చాకిరీ చేస్తూ సంగీతం కోసం తిరిగి, చివరికి వేలి ఉంగరం అమ్మి విజయనగరం చేరుకున్నారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు ఒక్క పైసా పుచ్చుకోకుండా చదువు చెప్పారు. తిండి మాత్రం మధుకరం, అంటే ఇల్లిల్లూ తిరిగి జోలె పట్టి తెచ్చుకున్న అన్నం. మహారాజా వారి సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వంటి మహానుభావుడు ప్రిన్సిపాలుగా ఉన్న రోజులవి. మధుకరం కథ మనం చాలాసార్లు విన్నాం, దాని మీద ఎక్కువసేపు నిలబడను. నాకు ముఖ్యమైంది ఆ గురువు. సీతారామశాస్త్రి గారు సాహిత్యం పలుకు చెడకుండా పాడాలని పట్టుబట్టే సంప్రదాయంలోవారు. తరవాత ఘంటసాల గొంతులో మనం విన్నదంతా ఆ పట్టుదలే.

మరో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఎన్నో ఏళ్లు ఘంటసాలకు సంగీత సహాయకుడిగా ఉన్నారు. ఆ తరవాత వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. నూరేళ్ల జీవితం గడిపి 2021లో కన్నుమూశారు. విజయనగరం వీణలూ, సినిమా స్టూడియో, కూచిపూడి రంగస్థలం ఒక్క మనిషి జీవితంలోనే కలిసిపోయాయి. మన దగ్గర శాస్త్రీయమూ సినిమా ఎంత దగ్గర దగ్గరగా బతికాయో ఆయన జీవితమే చెబుతుంది.

1942 ఉద్యమంలో ఘంటసాల జైలుకు వెళ్లి బళ్లారి దగ్గర అలీపురంలో ఏడాదిన్నర ఉన్నారు. 1944లో పెదపులివర్రుకు చెందిన సావిత్రి గారితో పెళ్లయింది. ఆ పెదపులివర్రు వారే రచయిత సముద్రాల రాఘవాచార్య గారు. మద్రాసు రమ్మని పిలిచింది ఆయన. తరవాతి కాలంలో శంకరాభరణం తీసిన కె. విశ్వనాథ్ గారిదీ అదే ఊరు. ఒక చిన్న పల్లెకు మన పాట ఎన్ని విధాల ఋణపడిందో చూడండి.

మద్రాసులో మొదట రికార్డు కంపెనీ వాళ్లకు ఆ గొంతు నచ్చలేదు. రేడియోకు నచ్చింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో అవకాశం ఇచ్చిన వారు బాలాంత్రపు రజనీకాంతరావు గారు. తాడేపల్లిగూడెం పక్కన నిడదవోలులో 1920లో పుట్టిన మనవారే. పాటతో నడిచే రూపకాలను, గేయనాటికలను రేడియో కోసమే రాసి, స్వరపరిచి, నడిపిన వ్యక్తి. తెర లేకుండా, వేషం లేకుండా చెవితోనే చూసే నాటకం ఎలా ఉండాలో రజని గారు తేల్చి చూపించారు. స్టేజీ గానం చిన్న గదిలోకి రావాలంటే ఏమేం వదులుకోవాలో, ఏది వదలకూడదో ఘంటసాల ఆ స్టూడియోలోనే నేర్చుకున్నారని నేను అనుకుంటాను. మైకుకు అరుపు అక్కర్లేదు. మైకు గాయకుడి శ్వాసను కూడా పట్టుకుంటుంది. ఆ సంగతి తెలిసిన గాయకుడికి ఒక కొత్త దారి కనిపిస్తుంది.

1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమ వచ్చింది. అందులో భానుమతి గారు పాడిన పావురం పాట అప్పుడు ఊరూరా మోగింది. ‘బ్లడ్ అండ్ సాండ్’ అనే అమెరికా సినిమాలో విన్న వరస దానికి ప్రేరణ. దాన్ని తెలుగు చేయడంలో రజని గారి చెయ్యి ఉంది. అదే సినిమాలో భానుమతి గారితో కలిసి ఘంటసాల ఒక యుగళగీతం పాడారు. ఆయన సినిమా గొంతు ప్రయాణం అక్కడ మొదలైందని చెప్పుకుంటాం. పడమటి దేశపు వరసా, మన రాగమూ ఒకే రీలులో చుట్టుకుని ఉన్న కాలమది. పాత పద్ధతి పాడైపోతుందని పెద్దలు దిగులుపడి ఉండొచ్చు. కాని మన నాటకం ఎప్పుడూ బయటి నుంచి తెచ్చుకుంటూనే ఉంది. ధార్వాడ కంపెనీలు 1880లలో ఆంధ్రదేశానికి వచ్చి ఆడినప్పుడు, పార్శీ కంపెనీల మెట్లు మన స్టేజీ మీదకు దిగినప్పుడు, మన వాళ్లు వాటిని మన పద్యం పక్కన కూర్చోబెట్టుకున్నారు.

1949లో మనదేశం వచ్చింది. ఈ సినిమా దగ్గర ఏలూరు వారు కాసేపు ఆగి గర్వపడవచ్చు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారు, ఏలూరు పక్కన సోమవరప్పాడు. సంగీతం ఘంటసాల, గుడివాడ పక్కన చౌటపల్లి. మొదటిసారి తెర మీదకు వచ్చిన కుర్రవాడు ఎన్.టి. రామారావు, పామర్రు పక్కన నిమ్మకూరు. అక్కినేని నాగేశ్వరరావు గారి రామాపురం కూడా అక్కడికి దగ్గరే. ఏలూరుకూ గుడివాడకూ మధ్య నాటకాలు చూసి, నాటకాలు వేసి పెరిగిన వాళ్లు మద్రాసు వెళ్లి తెలుగు సినిమాకు ముఖమూ గొంతూ అయ్యారు. నాగేశ్వరరావు గారు స్టేజీ మీద ఆడవేషాలు వేసి వచ్చినవారు. ఆ నేల మీద పద్యం వినని చెవి ఉండే అవకాశం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఘంటసాల పద్యానికి ఏం చేశారు?

పద్యంలో చిక్కు ఎక్కడుందో ముందు చెప్పాలి. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19. గణాలు ఒక చోట తెగుతాయి, మాటలు ఇంకొక చోట తెగుతాయి. కవి ఒక మాటను పాదం చివర సగం పెట్టి, మిగిలిన సగం తరవాతి పాదంలో పెడతాడు. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలి? గణం దగ్గర ఆగితే మాట ముక్కలవుతుంది. మాట దగ్గర ఆగితే పద్యం నడక మారుతుంది. స్టేజీ మీద చాలామంది మూడో దారి పట్టారు. పాదం చివర ఆగి, అక్కడ అక్షరం సగంలో ఉన్నా సరే, రాగం తీశారు. రాగం అద్భుతంగా ఉండేది. ఆ రాగం నడుస్తున్నంతసేపూ కృష్ణుడు ఏమన్నాడన్నది మాత్రం వేచి ఉండేది.

ఘంటసాల ముందు అర్థాన్ని పట్టుకున్నారు. పద్యాన్ని ఎత్తుకునే ముందు చిన్న ఆలాపన, నాలుగైదు సెకన్లు. ఆ కాస్తలోనే ఇది కోపమా, జాలా, భక్తా అన్నది తేలిపోతుంది. ఆ తరవాత మాటలు. వాక్యం ఎక్కడ ముగిసిందో అక్కడ ఊపిరి. రెండు పాదాలను కలిపి చదివితేనే అర్థమయ్యే చోట రెండు పాదాలూ ఒకే శ్వాసలో వెళ్లిపోతాయి. ఛందస్సు ఎక్కడా కుంటుపడదు, ఎందుకంటే గురువు గురువుగానే, లఘువు లఘువుగానే పలుకుతాయి. సాగదీత ఆయన మాట మధ్యలో పెట్టలేదు. పలకవలసింది పలికాక, ఇక భావం మాటకు అందదు అన్న చోట రాగం తీశారు. స్టేజీ మీద రాగం గాయకుడి బలం చూపించేది. ఇక్కడ రాగం పాత్ర మనసు చూపిస్తుంది. వెనక తంబూరా శ్రుతి, అక్కడక్కడా వయొలిన్ గాని వీణ గాని ఒక చిన్న పలకరింపు. అంతకు మించి ఏమీ ఉండదు.

నమ్మకం కలగకపోతే పుష్పవిలాపం మళ్లీ వినండి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలు. పూలు కోయడానికి వెళ్లిన మనిషితో పూలు మాట్లాడడం అందులోని సంగతి. సినిమా కాదు, నాటకం కాదు, రికార్డు కోసం పాడినది. తెర లేదు, నటుడు లేడు, ఆ కథకు ముందూ వెనకా లేదు. పువ్వు గొంతు వేరు, కవి గొంతు వేరు. మధ్యలో వచనం చెప్పేటప్పుడు ఆయన దాదాపు మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మాట నుంచి పద్యంలోకి, పద్యం నుంచి రాగంలోకి ఎక్కడ దాటారో గీత గీసి చూపలేం. ఆపెరా పుట్టిననాటి నుంచి ఆ కళవారు వెతుకుతున్నది ఈ దాటే చోటునే. కుంతికుమారి కూడా అంతే. నదిలో బిడ్డను వదలబోతున్న తల్లిని ఆయన గొంతు ఏ వేషమూ లేకుండా మన ముందు నిలబెడుతుంది.

ఇదంతా మైకు వల్ల వచ్చిన మార్పేనా అంటే, సగం అవును. 1902లో మిలాన్ నగరంలో కరూసో అనే ఆపెరా గాయకుడు రికార్డులు ఇచ్చినప్పుడు పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడవలసి వచ్చింది. 1925 ప్రాంతంలో కరెంటుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక, మెల్లగా పాడినా పట్టుకునే మైకు దొరికింది. అమెరికాలో అప్పుడు ఒక తరం గాయకులు గుసగుసలాడుతున్నట్టు పాడడం మొదలుపెట్టారు. వాళ్లు ఆపెరాను వదిలేశారు. మన దగ్గర తొలి టాకీలు, 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద గాని, 1933 నాటి సావిత్రి గాని, స్టేజీని ఉన్నదున్నట్టు తెర మీదకు ఎక్కించాయి. గొంతులో పై స్థాయి, రాగంలో పొడుగు, అంతా స్టేజీదే. ఒకవైపు పాతదాన్ని ఉన్నదున్నట్టు మోయడం, ఇంకొకవైపు పాతదాన్ని దించేసి తేలిక కావడం. ఈ రెండూ సులువైన దారులే. ఘంటసాల ఈ రెండూ పట్టలేదు. నాభి దగ్గర నుంచి వచ్చే శాస్త్రీయమైన గొంతును అలాగే ఉంచుకుని, దాన్ని ఒక్క మనిషి చెవికి చెప్పేంత దగ్గరికి తెచ్చారు. గాంభీర్యం తగ్గలేదు, దూరం తగ్గింది. నేను ఇన్నేళ్లుగా ఆయన్ను వింటూ తెలుసుకున్నది ఇదే.

స్టేజీ పద్యమే పద్యం, సినిమా పద్యం పద్యమే కాదు అనే పెద్దలు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటను తోసిపుచ్చను. మూడు నిమిషాల రికార్డులో రాగాన్ని విప్పడానికి చోటు లేదు. స్టేజీ గాయకుడు ఆ రాత్రి జనం ఊపును బట్టి ఒకే పద్యాన్ని కొత్తగా అల్లగలడు. హార్మోనిస్టు ఒక కొత్త సంగతి వేస్తే దానికి జవాబు చెప్పగలడు. రికార్డుకు ఆ అవకాశం లేదు. మనం ఘంటసాలను వెయ్యిసార్లు విన్నా ఆ ఆలాపన అదే. ఆ తరం స్టేజీ గాయకులు మోసిన రాగజ్ఞానం చిన్నది కాదు, ఊరి జనానికి కచేరీ హాలు లేని కాలంలో కాంభోజి, కానడ, బేగడ ఎలా ఉంటాయో వినిపించిన వాళ్లు వాళ్లే. ఘంటసాల చేసిన పని ఎంత గొప్పదైనా, దాని పక్కన పోయినదీ గొప్పదే. రెండిటినీ కలిపి చెప్పుకుంటేనే ఆయన పని విలువ తెలుస్తుంది.

పద్యాన్ని దగ్గరికి తెచ్చిన మనిషే పాటను ఎత్తుకు కూడా తీసుకువెళ్లారు. 1961లో జగదేకవీరుని కథలో ‘శివశంకరి’ వచ్చింది. పింగళి నాగేంద్రరావు గారి రచన, పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతం, దర్బారీ కానడ రాగం. తెర మీద రామారావు గారు ఒక్కరే పలువురై, తానే పాడుతూ తానే వాయిద్యాలు వాయిస్తారు. శిల కరుగుతుంది. మొత్తం ఒక కచేరీ అంత శాస్త్రీయం. అది టీకొట్టులో, సెలూనులో, పెళ్లి పందిట్లో మోగింది. దర్బారీ పేరు తెలియని మనిషి కూడా ఏ సంగతి తరవాత ఏ సంగతి వస్తుందో ముందే చెప్పగలడు. శాస్త్రీయ సంగీతం జనానికి ఎక్కదనే వాదానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

1959 నాటి జయభేరి ఇంకా సూటిగా మన విషయం మీదే నడుస్తుంది. శాస్త్రం చదువుకున్న కాశీనాథుడు భాగోతం ఆడే పిల్లను ప్రేమించి, గురువుకు దూరమై, జనం మధ్యకు పాడుతూ వెళతాడు. సభలో ఉండవలసిన విద్య వీధిలోకి వస్తే అది పతనమా అని ఆ సినిమా అడుగుతుంది. పెండ్యాల గారు ఆ ప్రశ్నను సంగీతంలోనే పెట్టారు. ముగ్గురు గాయకులు, ఘంటసాల, పి.బి. శ్రీనివాస్, రఘునాథ్ పాణిగ్రాహి, కలిసి పాడిన కల్యాణి రాగపు పాట ఒకవైపు, భాగోతుల హుషారు ఇంకొకవైపు. రెండు చోట్లా ఘంటసాల గొంతు ఒకే శ్రద్ధతో పాడింది. వీధి పాటకు ఆయన గొంతును తగ్గించి పాడలేదు.

లవకుశ సంగతి వేరే చెప్పాలా? 1963లో ఆ సినిమాకు బళ్లు కట్టుకుని వచ్చారు మన పల్లెల జనం. సంగీతం ఘంటసాల. లవకుశులు ఊరి వీధుల్లో, సభలో రామకథ పాడుకుంటూ పోతుంటే, పి. లీల, పి. సుశీల గార్ల గొంతుల్లో కథ నడుస్తుంది. ఆ కథాగానాలు విడిగా తీసి వింటే అది పూర్తి సంగీత రూపకం.

నాకు మాత్రం ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే సాహసం అనిపించేది 1967 నాటి రహస్యంలోని గిరిజా కల్యాణం. మల్లాది రామకృష్ణశాస్త్రి గారు రాసిన యక్షగానం అది. సినిమా వచ్చేనాటికి మల్లాది వారు లేరు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య గారు కూచిపూడి వారు. పాత్ర ప్రవేశాలు, సంవాదాలు, రాగం మారుతూ కథ మారడం, అంతా కూచిపూడి భాగవతుల పద్ధతిలో రాగమాలికగా ఘంటసాల కట్టారు. సినిమా ఆడలేదు. కాని ఆ భాగం ఆగలేదు. నాట్యం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ దానికి ఆడుతున్నారు. సినిమా కోసం కట్టిన యక్షగానం సినిమాను దాటి మళ్లీ వేదిక ఎక్కింది.

బయటి లోకంలో ఈ కలయిక ఎలా జరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1987లో రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, స్పెయిన్ ఆపెరా గాయని మోన్సెరా కబాయే కలిసి ‘బార్సెలోనా’ పాడారు. మెర్క్యురీ పార్శీ కుటుంబంలోవారు, మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నారు. ఆ పాట నాకు ఇష్టం. ఆమె ఆమెలాగే పాడతారు, ఆయన ఆయనలాగే పాడతారు. రెండు గొంతులు పక్కపక్కన నిలబడి ఒకదానికొకటి గౌరవం ఇచ్చుకుంటాయి. ఘంటసాల దగ్గర పక్కపక్కన నిలబడడం లేదు. శాస్త్రీయం ఎక్కడ ముగిసిందో, సినిమా ఎక్కడ మొదలైందో చెప్పడానికి రెండో గొంతే లేదు. ఇలా ఒకే గొంతులో రెండూ కరిగిపోవాలంటే ఆ మనిషి రెండిటినీ చిన్నతనం నుంచీ ఒకే ప్రేమతో విని ఉండాలి. చౌటపల్లి భజనలో ఆ విధంగా విన్నవాడు ఆయన.

తాడేపల్లిగూడెం శ్రోతలకు ఇంకొక జ్ఞాపకం. 1951లో పాతాళభైరవికి సంగీతం ఘంటసాల. అందులో హాస్యగీతాన్ని రేలంగి వెంకటరామయ్య గారి చేతే పాడించారు. రేలంగి గారు కూడా స్టేజీ మీద పాడి, ఆడి వచ్చినవారు. గొప్ప గొంతు ఉన్న సంగీత దర్శకుడు తాను పాడకుండా, ఆ పాత్రకు ఆ నటుడి గొంతే కావాలని తెలుసుకోవడం నాటకం తెలిసినవాడి పని. 1970లో వాళ్లిద్దరికీ ఒకే ఏడు పద్మశ్రీ వచ్చింది. గూడెంలో రేలంగి గారు కట్టిన చిత్రమందిర్‌లో ఎన్ని వందల ఆటలు ఆ పాటలు మోగి ఉంటాయో మీకే బాగా తెలుసు.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు. అప్పటికి యాభై రెండేళ్లు కూడా నిండలేదు. ఆ తరవాత ఒక విచిత్రం జరిగింది. ఆయన స్టేజీ నుంచి తెచ్చిన పద్యం మళ్లీ స్టేజీకి వెళ్లింది. పద్యాల పోటీల్లో కుర్రవాళ్లు పాడుతుంటే వినండి. మాట విరుపు, ఊపిరి తీసుకునే చోటు, చివర రాగాన్ని దించే తీరు, చాలావరకు ఆయనదే. అది సంతోషమే. కాని ఆ పిల్లలకు వినిపించడానికి పాత స్టేజీ బాణీలు చేతికి దొరకడం లేదన్నది నా బాధ. కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటి కొద్దిమందివి గ్రామఫోను రికార్డులు ఉన్నాయి. మిగిలిన వందలమంది గొంతులు ఆ రాత్రులతోనే పోయాయి. ఘంటసాల దేనిని మార్చారో వినకుండా, ఆయన ఏం మార్చారో కొత్త గాయకుడు ఎలా తెలుసుకుంటాడు?

అందుకే ఒక పని అడుగుతున్నాను. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ఆకివీడు, ఉండి, గణపవరం, నిడమర్రు, దెందులూరు, ఇటు తాడేపల్లిగూడెం చుట్టూ ఉన్న ఊళ్లలో, ఒకప్పుడు కృష్ణుడో, అర్జునుడో, హరిశ్చంద్రుడో కట్టిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. హార్మోనియం వాయించినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. మీ ఫోనులోనే రికార్డు చేయండి. గొంతు వణికినా ఫరవాలేదు, పాదం మరిచిపోయినా ఫరవాలేదు, ఆపకండి. పద్యం అయ్యాక అడగండి: ఇది ఎవరి బాణీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ శ్రుతిలో పాడేవారు, ఏ ఊళ్లో ఎన్నిసార్లు వన్స్ మోర్ పడింది. ఆ జవాబులు కూడా రికార్డులోనే ఉండనివ్వండి. పేరు, ఊరు, తేదీ చెప్పి మొదలుపెట్టండి, లేకపోతే పదేళ్ల తరవాత అది ఎవరి గొంతో తెలియదు. ఆ రికార్డును మీ ఊళ్లో పద్యం నేర్చుకుంటున్న పిల్లకో పిల్లవాడికో పంపండి. అదే పద్యాన్ని ఘంటసాల పాడి ఉంటే అది కూడా జత చేయండి. ఏది బాగుందో చెప్పకండి. రెండూ వినమనండి, ఆ తరవాత వాళ్లను పాడమనండి.